చమురు పుట్టిల్లు ఎక్కడ? రాతినీ నూనెనూ పక్కపక్కన పెట్టి తేల్చడం ఎలా

నదీమూలం, ఋషిమూలం అడగకూడదంటారు. చమురు మూలం మాత్రం అడిగి తీరాలి. బావిలో దొరికిన చమురు ఆ బావి దగ్గర పుట్టింది కాదు మరి. అది ఎక్కడో లోతులో, సేంద్రియ పదార్థం నిండిన నల్లటి షేల్‌లో, అంటే బురద గట్టిపడి అయిన రాతిలో, పుడుతుంది. వేడికి ఉడికి, అందులోంచి బయటపడి, కిలోమీటర్ల కొద్దీ పాక్కుంటూ వచ్చి ఒక ఇసుకరాతిలో స్థిరపడుతుంది. పుట్టిల్లు ఒకటి, మెట్టినిల్లు ఇంకొకటి. పుట్టిల్లు ఏదో తెలిస్తే, అక్కడి నుంచి వచ్చే దారిలో ఇంకెక్కడ ఆగి ఉంటుందో వెతకొచ్చు. కంపెనీలు ఈ పరీక్షల మీద డబ్బు పెట్టేది అందుకే.

జియాలజీ ఎమ్మెస్సీలోనో, ఎంటెక్ ప్రాజెక్టులోనో మొదటిసారి ఈ పని నెత్తిన పడినవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ఉదాహరణగా మన కృష్ణా-గోదావరి (కేజీ) బేసిన్‌నే, అంటే రాతిపొరలు పేరుకున్న ఆ పెద్ద పల్లాన్నే, తీసుకుందాం.

ముందు అనుమానితుల జాబితా రాసుకోండి

నమూనా చేతికి రాగానే మెషీన్ దగ్గరికి పరుగెత్తకండి. ఒక తెల్లకాగితం తీసుకుని ఈ చమురుకి తల్లి కాగల రాళ్లు ఏవేవో రాయండి. వాటి వయసు, లోతు, అవి ఏ వాతావరణంలో పేరుకున్నాయో పక్కనే రాయండి.

కేజీ బేసిన్ పొరల పేర్లు చదువుతుంటే కోనసీమ బస్టాండులో బోర్డులు చదివినట్టే ఉంటుంది. మండపేట, గొల్లపల్లి, రాఘవాపురం, రాజోలు, పాలకొల్లు, పాశర్లపూడి, భీమనపల్లి, మత్స్యపురి, నరసాపురం. ఇవన్నీ భూమి కింది రాతిపొరల పేర్లే. పాశర్లపూడి అంటే బయటివాళ్లకి 1995లో రెండు నెలలకు పైగా మండిన బ్లోఅవుట్ గుర్తొస్తుంది, మాకు ఈయోసీన్ పొర గుర్తొస్తుంది.

వీటిలో మూలశిలలుగా, అంటే మనం ల్యాబులో సోర్స్ రాక్ అనేవాటిగా, ప్రధానంగా నాలుగు పేర్లు వినిపిస్తాయి. అట్టడుగున పెర్మియన్ కాలపు కొమ్ముగూడెం పొర. బొగ్గూ షేలూ కలిసిన ఈ పొర సింగరేణి బొగ్గుకి దాయాది. దాని పైన క్రెటేషియస్ కాలపు రాఘవాపురం షేల్. ఇంకా పైన పేలియోసీన్ కాలపు పాలకొల్లు షేల్, ఆపైన ఈయోసీన్ కాలపు వాడపర్రు షేల్.

ఈ నాలుగింటినీ సరిగ్గా రెండుగా చీలుస్తూ మధ్యలో రాజోలు బసాల్ట్ ఉంది. సుమారు 6.5 కోట్ల ఏళ్ల కిందటి లావా. రాజమండ్రి దగ్గర కాటేరు, పంగిడి క్వారీల్లో కంకరగా కొడుతున్న నల్లరాయికి ఇది సోదరే. కాబట్టి మీ మొదటి ప్రశ్న ఇలా ఉండాలి: ఈ చమురు రాజోలు నల్లరాతికి కింద పుట్టిందా, పైన పుట్టిందా? ప్రశ్న ఇంత సూటిగా ఉంటే పని సగం తేలికవుతుంది. "చమురు మూలాన్ని అధ్యయనం చేయుట" అని రాసుకుంటే మాత్రం ఆరు నెలల తర్వాత కూడా మీ దగ్గర గ్రాఫులే ఉంటాయి, జవాబు ఉండదు.

నమూనా దగ్గర పిసినారితనం, అశ్రద్ధ రెండూ పనికిరావు

చమురును గాజు సీసాలోనే పట్టండి. మూత లోపలి పొర టెఫ్లాన్‌ది అయి ఉండాలి. బావిలోంచి కడ్డీలా కోసి తీసిన కోర్ ముక్కలను, తవ్వేటప్పుడు చిన్న ముక్కలుగా పైకొచ్చే కటింగ్స్‌ను అల్యూమినియం ఫాయిల్‌లో చుట్టండి. ప్లాస్టిక్ తగలనివ్వకండి. నేను ఒకసారి తొందరలో షేల్ కటింగ్స్‌ను మామూలు పాలిథీన్ కవర్లో వేసి తెచ్చాను. అణువులను ముక్కలు చేసి వాటి బరువు తూచే మాస్ స్పెక్ట్రోమీటర్‌లో 149 బరువు దగ్గర తాటిచెట్టంత పీక్ లేచింది. కొత్త అణువేదో కనిపెట్టానని రెండు రోజులు తెగ సంబరపడ్డాను. అది థాలేట్, ప్లాస్టిక్‌ను మెత్తబరచడానికి కలిపేది. రెండు వారాల పని చెత్తబుట్టపాలు. అలాగే వేళ్లతో ముట్టుకుంటే చర్మం మీది స్క్వాలీన్ నమూనాలోకి వెళ్తుంది. ఫోర్సెప్స్ వాడండి.

కటింగ్స్‌తో ఇంకో చిక్కుంది. 2,800 మీటర్ల లోతుది అని సంచి మీద రాసి ఉన్నా, అందులో పైనుంచి రాలిపడిన ముక్కలు కూడా ఉంటాయి. చల్లటి నీళ్లతో కడిగి, 40 డిగ్రీలు దాటకుండా ఆరబెట్టి, మైక్రోస్కోప్ కింద ఒక్కొక్క ముక్కా ఏరండి. విసుగు పుట్టించే పనే, బియ్యంలో రాళ్లేరినట్టు ఉంటుంది. ఏరకపోతే మాత్రం మీరు చదివేది నాలుగు పొరల కిచిడీని.

డ్రిల్లింగ్ మడ్‌లో, అంటే తవ్వేటప్పుడు బావిలోకి పంపే బురద ద్రవంలో, ఏమేం కలిపారో రిగ్ రిపోర్టులో తప్పకుండా చూడండి. డీజిల్ కలిపారా? లిగ్నైట్ పొడి వేశారా? లిగ్నైట్‌లోని మొక్కల గుర్తులు మీ రాతికి అంటుకుని, లేని చుట్టరికం కలుపుతాయి. వీలైతే ఆ మడ్ నమూనా కూడా ఒకటి తెచ్చుకుని అన్ని పరీక్షలకూ దాన్నీ పంపండి.

పైకి తేలిన రాయి సులభంగా దొరుకుతుంది కదా అని ఆశపడొద్దు. రాఘవాపురం షేల్ బయట తెల్లగా, ఊదారంగు చారలతో కనిపిస్తుంది. ఆకుల శిలాజాలకు బాగుంటుంది. కానీ ఎండకూ వానకూ గాలికీ సేంద్రియ పదార్థం ఏనాడో ఆవిరైపోయింది. మనకు కావలసింది బావి లోతు నుంచి వచ్చిన నల్లటి ముక్క.

రాతికి మొదటి జల్లెడ

ప్రతి రాతికీ ఖరీదైన పరీక్షలు చేయలేం. ముందు రాక్-ఎవాల్‌తో జల్లెడ పట్టాలి. 1970లలో ఫ్రెంచి పెట్రోలియం సంస్థలో రూపొందిన పద్ధతి ఇది. 50 నుంచి 100 మిల్లీగ్రాముల రాతిపొడి చాలు, చిటికెడంత.

యంత్రం ముందు పొడిని 300 డిగ్రీల దగ్గర మూడు నిమిషాలు ఉంచుతుంది. రాతిలో అప్పటికే ఉన్న చమురు ఆవిరై బయటికొస్తుంది. అది ఎస్1. తర్వాత నిమిషానికి 25 డిగ్రీల చొప్పున వేడి పెంచుతుంది. ఇప్పుడు కెరోజెన్, అంటే ఇంకా చమురుగా మారని ఘన సేంద్రియ పదార్థం, పగిలి చమురు ఇస్తుంది. అది ఎస్2. ఎస్2 అత్యధికంగా వచ్చిన వేడే టీ మ్యాక్స్. దీనితోపాటు మొత్తం సేంద్రియ కార్బన్, అంటే టీఓసీ కూడా తెలుస్తుంది.

ఒక ఉదాహరణ చేద్దాం. టీఓసీ 2%, గ్రాము రాతికి మిల్లీగ్రాముల్లో ఎస్1 0.6, ఎస్2 5.0, టీ మ్యాక్స్ 442 డిగ్రీలు అనుకోండి. ఎస్2ను టీఓసీతో భాగించి 100తో గుణిస్తే హైడ్రోజన్ ఇండెక్స్ 250 వస్తుంది. 600 దాటితే చెరువుల్లోని నాచు తరహా పదార్థం, 300 నుంచి 600 దాకా సముద్రపు జీవపదార్థం, 200 లోపైతే ఎక్కువగా చెట్టూ చేమా, 50 కన్నా తక్కువైతే బూడిదలాంటిదే, ఏమీ రాదు. ఇవి సరిహద్దు గీతలు కావు, అందాజు మాత్రమే. మన 250 రెండూ కలిసిన రకం. డెల్టా ముందున్న షేల్ నుంచి ఇంతకన్నా ఏం ఆశిస్తాం? టీ మ్యాక్స్ 435 దాటితే రాయి చమురు ఇచ్చే వయసుకు వచ్చినట్టు. 470 దాటితే ఆ వయసు అయిపోయినట్టు. టీఓసీ 0.5% కన్నా తక్కువుంటే ఆ రాతిని పక్కన పెట్టొచ్చు.

ఇక్కడే చాలామంది పడే గుంట ఒకటుంది. వేరే రాతికి టీఓసీ 0.6%, ఎస్1 2.1 వచ్చింది అనుకోండి. ఎంత చమురో అని ఎగిరి గంతేయకండి. ఎస్1 విలువ టీఓసీ విలువకు ఒకటిన్నర రెట్లు దాటిందంటే, ఆ చమురు ఆ రాతిది కాదు. బయటినుంచి వచ్చి చేరింది, లేదా మడ్‌లోని డీజిల్. ఈ రాతిని మూలశిల అనుకుని చమురుతో పోలిస్తే అచ్చుగుద్దినట్టు సరిపోతుంది. చుట్టం ఇంట్లో చుట్టాన్ని పట్టుకుని ఇంటి యజమాని అన్నట్టు ఉంటుంది.

రాతిలోంచి పిండడం

జల్లెడలో నిలిచిన రాళ్లను మెత్తగా నూరి, సాక్స్‌లెట్ అనే, ద్రావకం మళ్లీ మళ్లీ తిరిగే గాజు పరికరంలో డైక్లోరోమీథేన్, మెథనాల్ మిశ్రమంతో ఒకటి నుంచి మూడు రోజులు కడగాలి. ఫ్లాస్కులో రాగి ముక్కలు వేయండి, గంధకం వాటికి పట్టుకుంటుంది. దిగిన ద్రవాన్నీ, మీ చమురునూ ఒకే తీరుగా విడగొట్టాలి. హెక్సేన్ ఎక్కువ పోస్తే తారులాంటి ఆస్ఫాల్టీన్లు అడుగున పడతాయి. మిగిలినదాన్ని సిలికా జెల్ కాలమ్‌లోంచి పంపి సంతృప్త, ఆరోమాటిక్, రెజిన్ భాగాలుగా వేరు చేయండి. రాయి లేకుండా ఖాళీగా ఒకసారి మొత్తం పద్ధతి నడిపి చూడండి. ఆ ఖాళీ పరుగులో ఏ పీక్ వచ్చినా అది మీ ల్యాబుది, గోదావరిది కాదు.

క్రోమటోగ్రాఫ్: తొలి చూపు

చమురులోని పదార్థాలను ఒక్కొక్కటిగా వేరుచేసే గ్యాస్ క్రోమటోగ్రాఫ్‌లో వరసగా దువ్వెన పళ్లలా లేచేవి సాధారణ ఆల్కేన్లు, అంటే కొమ్మల్లేని కార్బన్ గొలుసులు. 17 కార్బన్ల ఆల్కేన్ పక్కనే ప్రిస్టేన్, 18 కార్బన్ల ఆల్కేన్ పక్కనే ఫైటేన్. ఈ రెండూ ఎక్కువగా ఆకుపచ్చ పత్రహరితం తోక నుంచి వచ్చేవే. ప్రిస్టేన్‌ను ఫైటేన్‌తో భాగించండి. 3 దాటితే ఆక్సిజన్ తగిలిన చోట, బొగ్గు నేలల తరహాలో, నేలమొక్కలు పేరుకున్నాయని చెప్పుకోవచ్చు. 0.8 కన్నా తక్కువుంటే ఆక్సిజన్ లేని, తరచూ ఉప్పదనం ఎక్కువున్న నీళ్లు. మధ్యలో వచ్చిందా, ఆ అంకెను రాసుకుని ముందుకు నడవండి, దాని మీద కథలు అల్లకండి.

దువ్వెన పళ్లు అసలు లేవనుకోండి, కింద పెద్ద మూపురం మాత్రమే ఉంది. చమురును బ్యాక్టీరియా తినేసినట్టు. సుమారు 80 డిగ్రీల కన్నా చల్లగా ఉండే రిజర్వాయర్లలో, అంటే చమురు నిల్వ ఉన్న రాతిపొరల్లో, ఇది మామూలే. అవి ముందు తినేది సాధారణ ఆల్కేన్లను. కంగారు పడొద్దు, వాటికి అంత సులభంగా అరగనివి ఇంకా ఉన్నాయి.

బయోమార్కర్లు: అసలు సాక్షులు ఇవే

1930లలో ఆల్ఫ్రెడ్ ట్రైబ్స్ అనే జర్మన్ రసాయన శాస్త్రవేత్త ముడి చమురులో పోర్ఫిరిన్లు పట్టుకున్నాడు. ఆకుల్లోని పత్రహరితం అస్థిపంజరం చమురులో దొరికిందన్నమాట. బతికిన జీవి అణువు కోట్ల ఏళ్లు ఆకారం మారీ మారకుండా మిగిలి ఉంటే దాన్నే బయోమార్కర్ అంటున్నాం.

సంతృప్త భాగాన్ని మాస్ స్పెక్ట్రోమీటర్‌లో పెట్టి రెండు చిత్రాలు తీయండి. 191 బరువున్న ముక్కల చిత్రంలో హోపేన్లు కనిపిస్తాయి, ఇవి బ్యాక్టీరియా పొరల నుంచి వచ్చినవి. 217 బరువున్న ముక్కల చిత్రంలో స్టెరేన్లు, ఇవి నాచు, మొక్కల నుంచి వచ్చినవి. స్టెరేన్లలో 27, 28, 29 కార్బన్లవాటి వాటాలు లెక్కగట్టి త్రిభుజం మీద చుక్క పెట్టండి. 29 ఎక్కువుంటే నేలమొక్కల వాటా ఎక్కువ అంటారు గానీ, కొన్ని ఆకుపచ్చ నాచులు కూడా అదే ఇస్తాయి. త్రిభుజం ఒక్కదాన్ని నమ్మి తీర్పు చెప్పకండి.

మన ప్రశ్నకు ప్రాణం పోసేది ఓలియనేన్. 191 చిత్రంలో అన్నిటికన్నా ఎత్తుగా సాధారణంగా 30 కార్బన్ల హోపేన్ ఉంటుంది. దానికి కాస్త ముందు, భుజం పక్కన నిలబడ్డట్టు చిన్న పీక్ ఉందేమో చూడండి. అదే ఓలియనేన్. పూల మొక్కల్లోని బీటా అమైరిన్ లాంటి పదార్థాల నుంచి వస్తుంది. మన జిల్లేడు పాలలో కూడా ఆ అమైరిన్ ఉంది. పూల మొక్కలు క్రెటేషియస్‌లో పుట్టి, ఆ చివర్లో, ఆ తర్వాత, పేలియోసీన్, ఈయోసీన్‌లు ఉండే టెర్షియరీలో నేలను కమ్మేశాయి. కాబట్టి స్కేలు పెట్టి కొలవండి. హోపేన్ 80 మిల్లీమీటర్లు, ఓలియనేన్ 24 మిల్లీమీటర్లు ఉంటే 30%. ఇది 20% దాటిందంటే మూలశిల టెర్షియరీది అని గట్టిగా అనుమానించొచ్చు, అంటే రాజోలు నల్లరాతికి పైన. పెర్మియన్ కాలపు కొమ్ముగూడెం బొగ్గు గ్లాసాప్టెరిస్ అనే అంతరించిన చెట్ల అడవులది, అప్పటికి పువ్వు అన్నదే లేదు.

పక్కన ఇంకో సాక్షి దొరికితే ఇంకా మంచిది. గుగ్గిలం జాతి చెట్ల జిగురు నుంచి బైకాడినేన్లు అనే అణువులు వస్తాయి. గుజరాత్‌లో వస్తాన్ లిగ్నైట్ గనిలో ఈయోసీన్ కాలపు ఆంబర్‌గా ఆ జిగురే దొరికింది. బైకాడినేన్లు ఉన్న చమురుకి పాత తల్లిని అంటగట్టడం కష్టం.

ఇప్పుడు ఉల్టా చూద్దాం. ఓలియనేన్ కనపడలేదు. అంటే రాయి పాతదా? అలా అనకండి. పూల మొక్కలున్న కాలంలోనే, సముద్రపు నీరు తగలని చిత్తడి నేలల్లో ఆ అణువు ఆరోమాటిక్‌గా మారిపోయి 191 చిత్రంలో కనపడకుండా పోవచ్చు. ఉండటం సాక్ష్యం, లేకపోవడం మాత్రం మౌనం. ఇంకో మెలిక. కింద పుట్టిన పాత చమురు పైకి వస్తూ, దారిలో కుర్ర బొగ్గు పొరల గుండా వెళ్తే, అక్కడి ఓలియనేన్‌ను కడిగి తనలో కలుపుకుంటుంది. తేలికపాటి చమురులో సొంత బయోమార్కర్లు అసలే తక్కువ, దారిలో అంటుకున్న కొంచెమే పెద్దగా కనిపిస్తుంది. ఈ ఒక్క కారణంతో తలకిందులైన రిపోర్టులు చూశాను.

వయసు సరే, ఉడుకు సంగతేంటి?

చమురూ రాయీ ఒకే మేర ఉడికినవి కాకపోతే పోలిక తప్పుదారి పట్టిస్తుంది. 31 కార్బన్ల హోపేన్‌కి ఎస్, ఆర్ అని రెండు రూపాలుంటాయి (రాక్-ఎవాల్ ఎస్1, ఎస్2 వేరు). ఉడికే కొద్దీ ఎస్ వాటా పెరిగి 0.57 నుంచి 0.62 దగ్గర ఆగిపోతుంది. 29 కార్బన్ల స్టెరేన్‌లో అలాంటి ఎస్ వాటా 0.52 నుంచి 0.55 దగ్గర ఆగిపోతుంది. చమురు ఈ హద్దులకు చేరి ఉండి, మీ రాతి ముక్క 0.2 దగ్గరే ఉంటే, ఆ ముక్క ఇంకా పచ్చిది. అంతమాత్రాన ఆ పొరను కొట్టేయకండి. బేసిన్ ఇంకా లోతుగా దిగిన చోట అదే షేల్ బాగా ఉడికి ఉండొచ్చు. పొర సరైనదే, మీకు దొరికిన ముక్క తప్పు.

కార్బన్ ఐసోటోపులు

బయోమార్కర్లు చమురులో చిటికెడు. మిగతా చమురంతా ఏమంటుందో అడగాలంటే కార్బన్-13, అంటే కార్బన్‌లో కాస్త బరువైన రకం, ఎంత ఉందో కొలవాలి. సంతృప్త, ఆరోమాటిక్ భాగాలను విడివిడిగా కొలవండి. చమురుకీ రాతి ద్రవానికీ తేడా వెయ్యికి రెండు మూడు దాటితే ఇద్దరికీ చుట్టరికం లేదని చెప్పొచ్చు. దారిలో అంటుకున్న ఓలియనేన్‌ను పట్టించేది కూడా ఇదే. అణువులు వాడపర్రు అంటూ, ఐసోటోపులు రాఘవాపురం అంటుంటే, ముందు ఐసోటోపుల మాట వినండి.

బావిలో గ్యాస్ మాత్రమే ఉంటే బయోమార్కర్ల ఊసే లేదు, ఐసోటోపులే దిక్కు. ప్రమాణ నమూనాతో పోలిస్తే మీథేన్ కార్బన్ వెయ్యికి మైనస్ 60 కన్నా తేలికగా ఉంటే బ్యాక్టీరియా చేసిన గ్యాస్, వేడికి పుట్టింది కాదు. 2006లో కేజీ సముద్రం అడుగున దొరికిన గ్యాస్ హైడ్రేట్లలోని, అంటే మంచులాంటి గట్టి ముద్దల్లో ఇరుక్కున్న, మీథేన్ ఈ బాపతే.

పక్కపక్కన పెట్టండి

ఒక పెద్ద పట్టిక గీయండి. అడ్డంగా చమురు, నాలుగు రాళ్లు, మడ్, ఖాళీ పరుగు. నిలువుగా మీరు కొలిచినవన్నీ. ఎర్ర పెన్ను తీసుకుని, చమురుతో పొసగని గళ్లు కొట్టేయండి. సరిపోయినవాటికి టిక్కులు పెట్టడం నాకు నచ్చదు. ఎందుకంటే డెల్టా షేల్స్ అన్నీ ఎంతోకొంత ఒకలాగే ఉంటాయి, టిక్కులు అందరికీ పడతాయి. "కాదు" అన్నది ఒక్కసారి గట్టిగా దొరికితే చాలు, ఒక అనుమానితుడు జాబితాలోంచి పోతాడు.

మీ చమురులో ఓలియనేన్ 30%, బైకాడినేన్లు ఉన్నాయి, ప్రిస్టేన్-ఫైటేన్ నిష్పత్తి 3.5, ఐసోటోపులు వాడపర్రు ద్రవానికి వెయ్యికి ఒకటి లోపు తేడాలో, రాఘవాపురానికి నాలుగు తేడాలో ఉన్నాయి అనుకుందాం. కొమ్ముగూడెం, రాఘవాపురం రెండూ పోయాయి. మిగిలింది పాలకొల్లు, వాడపర్రు. ఇప్పుడు స్టెరేన్ త్రిభుజం, అరుదైన హోపేన్ల చిల్లర తేడాలు పనికొస్తాయి. తేలకపోతే "రాజోలు బసాల్ట్‌కు పైనున్న టెర్షియరీ షేల్, వాడపర్రు కావచ్చు, పాలకొల్లును తోసిపుచ్చలేం" అని రాయండి. గైడ్ మొహం చిట్లించినా అదే రాయండి. ఏ రాతికీ పొసగక, రెండింటికీ నడిమధ్యన చుక్క పడితే రెండు చమురులు కలిసి ఉండొచ్చు. ఒక్కో మూలానికే చెందిన కలవని చమురు నమూనాలు దొరికితే వాటిని తెలిసిన పాళ్లలో సీసాలో కలిపి, మళ్లీ కొలిచి చూడండి. పాళ్లు మారే కొద్దీ నిష్పత్తులు గీతలో నడవవు, వంకరగా నడుస్తాయి. కాలిక్యులేటర్ సగటును నమ్మొద్దు.

యూనివర్సిటీలో మాస్ స్పెక్ట్రోమీటర్ లేకపోతే రాతిద్రవం దాకా మీరే చేసుకుని, మిగతాది డెహ్రాడూన్‌లోని ఓఎన్‌జీసీ వారి కేశవదేవ మాలవీయ సంస్థ లాంటి చోట అడిగి చూడండి. పంపేటప్పుడు సగం ద్రవం మీ దగ్గరే, ఫ్రిజ్‌లో నాలుగు డిగ్రీల దగ్గర ఉంచుకోండి. దారిలో సీసా పగిలిందని ఫోన్ వస్తే ఏడవక్కర్లేదు. సీసా మీది కాగితం చీటీపై బావి పేరు, లోతు, తేదీ పెన్సిల్‌తో రాయండి. మార్కర్ ఇంకు మీద ఒక్క చుక్క డైక్లోరోమీథేన్ పడితే అక్షరాలన్నీ కరిగి కారిపోతాయి. అప్పుడు చమురు మాట దేవుడెరుగు, ఆ సీసా పుట్టిల్లు ఏదో వెతుక్కోవాలి.